తెలుగు టెలివిజన్ హాస్యంలో గంజాయి

తెలుగు టీవీ హాస్యం గంజాయిని కళ్లకు చూపింది తక్కువ, మాటల్లో వాడుకున్నది ఎక్కువ. తలాతోకా లేకుండా మాట్లాడేవాణ్ణి 'గంజాయి గానీ కొట్టావా?' అని దబాయిస్తే చాలు, నవ్వు పుడుతుంది. చిలుమూ పొగా తెరమీదికి రానక్కర్లేదు. ఈ వాడుక టీవీతో పుట్టింది కాదు. తెనాలి రామకృష్ణుడి పేరుమీద చెప్పుకునే ఒక చాటుపద్యం గంజాయి తిట్టుతోనే మొదలవుతుంది. అసాధ్యమైన సమస్య ఇచ్చినవాణ్ణి కవి ఎద్దేవా చేసే సందర్భమది. చెడు సావాసం నడుమ మంచివాణ్ణి 'గంజాయి వనంలో తులసి మొక్క' అంటాం. అంటే మన భాషలో గంజాయికి వెర్రిమాట, చెడ్డ గుంపు అనే రెండు అర్థాలూ ముందే ఉన్నాయి. టీవీ రచయితలు వాటినే అందుకున్నారు.

మనిషిని చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రం తాగుబోతు వేషాన్ని అరువు తెచ్చుకున్నారు. తెలుగు హాస్యంలో మత్తంటే మొదట మద్యమే. 'మా నాన్నకు పెళ్లి' (1997)లో ఎం.ఎస్. నారాయణ వేసిన తాగుబోతు పాత్ర ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. ఆ తరహా తూలుడు, ముద్దమాట, పెద్దవాళ్ల ముఖం మీదే నిజం చెప్పేసే తెగువ తర్వాత ఎందరో అనుకరించారు. గంజాయి మత్తు అలా ఉండదు. కళ్లు ఎర్రబడతాయి, నోరు పిడచకట్టుకుపోతుంది, కాలం సాగినట్టు అనిపిస్తుంది, చెప్పబోయిన మాట మరుపున పడుతుంది. కొందరికి నవ్వు ఆగదు, కొందరిని భయమూ అనుమానమూ పట్టుకుంటాయి. ఈ రెండో రకాన్ని హాస్యం దాదాపుగా వదిలేసింది. నవ్వు రాదు గనక వదిలేసిందనుకోవచ్చు, కానీ ఇంట్లో పిల్లవాడు గదిలోంచి బయటికి రాకపోతే తల్లిదండ్రులు గుర్తుపట్టాల్సింది దాన్నే.

1990లలో హైదరాబాద్ దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ' నవ్వించింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, జెమినీ టీవీదీ అదే ఏడాది. గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' (2001–2007) హోటలు పెట్టుకున్న ఇద్దరు మిత్రుల ఆశలూ అగచాట్ల మీదే ఆరేళ్లు నడిచింది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో 'జబర్దస్త్' వచ్చాక హాస్యం పొట్టి స్కిట్ రూపం దాల్చింది. కొద్ది నిమిషాల్లో కథ ముగియాలి, రెండు మాటలకో పంచ్ పేలాలి. అలాంటిచోట అడుగు పెట్టగానే పోల్చుకునే పాత్ర కావాలి. తాగుబోతుకు పరిచయం అక్కర్లేదు. మత్తు పాత్రలు స్కిట్లలో కుదురుకోవడానికి ఆ తొందరే పెద్ద కారణం.

హిందీలో హోలీ భంగు కామెడీకి ఉన్న చోటు తెలుగులో లేదు. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల నిరోధక చట్టం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలని నిర్వచించింది. కొసలు కలవని ఆకునూ గింజలనూ అందులోంచి మినహాయించింది. ఆకుతో చేసే భంగు కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో దొరికేది అందుకే. మన పండుగల్లో భంగు లేదు గనక గంజాయి నవ్వుకు పండుగ ముసుగూ దొరకలేదు.

అమెరికాలో కథ వేరు. 1976లో 'బార్నీ మిల్లర్' పోలీసులు తెలియక మత్తు బ్రౌనీలు తిని నవ్వించారు. 1983లో నాన్సీ రేగన్ స్వయంగా 'డిఫరెంట్ స్ట్రోక్స్'లో కనిపించి పిల్లలకు మాదకద్రవ్యాలు వద్దని చెప్పింది. 1998లో మొదలైన 'దట్ సెవెంటీస్ షో' కుర్రాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, గంజాయిని చూపకుండా పొగను మాత్రమే చూపింది. 2005లో వచ్చిన 'వీడ్స్'లో భర్తను పోగొట్టుకున్న తల్లే గంజాయి అమ్ముతుంది. గంజాయిని చట్టబద్ధం చేయాలన్నవారు గాలప్ సర్వేలో 1969లో 12 శాతం, 2020లో 68 శాతం. ఈ మార్పు హాస్యం ఒక్కటే తెచ్చింది కాదు. 1996లో కాలిఫోర్నియా వైద్య వినియోగానికి, 2012లో కొలరాడో, వాషింగ్టన్ సాధారణ వినియోగానికి ఓటేశాయి. కథల బలం తెలిసే అక్కడి ప్రభుత్వం కూడా టీవీలో వేలుపెట్టింది. మత్తు వ్యతిరేక సందేశమున్న కథలను ప్రకటనల లెక్కలో జమకట్టుకునే వీలు ఛానళ్లకు ఇచ్చిందని 2000 జనవరిలో బయటపడింది. అక్కడ చదివే తెలుగు పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి: రాష్ట్రం అనుమతించినా కేంద్ర చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థమే. దానివల్ల వీసాకే ముప్పు రావచ్చు.

కథ జనం మనసు మారుస్తుందా అంటే మనకు దూబగుంట చాలు. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాస్యత తరగతుల్లో చదివిన 'సీతమ్మ కథ' 1992లో ఆడవాళ్లను సారా దుకాణాల మీదికి నడిపించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దాని వెనుక పాఠ్యపుస్తకంలోని చిన్న కథ కూడా ఉంది.

హెచ్చరికల మాట మరోలా జరిగింది. సిగరెట్ దృశ్యాలకు హెచ్చరిక వేయాలన్న నిబంధన 2012 అక్టోబరు 2 నుంచి గట్టిపడింది, 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీకీ వర్తించింది. అది పొగాకుకు సంబంధించింది. థియేటర్లో వినీ వినీ అందరికీ నోటికొచ్చిన పొగాకు వ్యతిరేక ప్రకటన మాట 'ఈ నగరానికి ఏమైంది' 2018లో హాస్య చిత్రానికి పేరైంది. 2019లో మాదకద్రవ్యాల కథతో వచ్చిన 'మత్తు వదలరా'లో టీవీ సీరియల్ పేరడీ ఒకటి జనం నోళ్లలో నానింది. 2023లో ప్రకటించిన 'గాంజా శంకర్'కు 2024 ఫిబ్రవరిలో తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరో నోటీసు ఇచ్చి పేరు మార్చమంది. ఆ పేరుతో సినిమా రాలేదు. టికెట్ ధర పెంచమని అడిగేవారు మత్తుపై అవగాహన వీడియో చేయాలని అదే ఏడాది జులైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కోరారు. మత్తుపై తీసుకున్న ఈ చర్యలు సినిమాను చూసి చేసినవే, రోజూ ఇంట్లోకి వచ్చే స్కిట్ వీటికి అందలేదు.

తూర్పు హైదరాబాద్‌లో గంజాయి దూరపు సంగతి కాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు సరుకు విజయవాడ రహదారి మీద పట్టుబడిన వార్తలు తరచూ వస్తాయి. రామోజీ ఫిల్మ్‌సిటీ ఉన్నదీ ఆ దారి పక్కనే. నాదర్‌గుల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లే కుర్రాళ్లకు స్కిట్ ఫోన్‌లో ముక్కలుగా అందుతుంది. ఆ ముక్కకు ముందూ వెనకా కథ ఉండదు. 2021 నిబంధనలు ఓటీటీకి పెట్టిన వయసు గుర్తూ ఉండదు. పత్రికలో నేరవార్త చదివితే కనిపించేది 'గంజాయి బ్యాచ్'. ఫోన్‌లో విదూషకుడు, పేపర్లో రాక్షసుడు. ఈ రెంటి నడుమ చికిత్స కావలసిన కుర్రాడు కనిపించడు. కూలి ఆశతో మూట మోసి, 20 కిలోలు దాటినందుకు కనీసం 10 ఏళ్ల శిక్షకు గురయ్యే మన్యం మనిషి అసలే కనిపించడు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి కాల్చారు. ఆ పంట పండించిన ఇళ్ల కథ ఏ హాస్య రచయితకూ పట్టలేదు. ఈ లోపాన్ని నేను పంచ్‌ల లోపంకన్నా పెద్దదిగా లెక్కిస్తాను.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం ఏడాదిలో గంజాయి జాతి మత్తు తీసుకున్నవారు 2.8 శాతం, మద్యం తాగినవారు 14.6 శాతం. 1985 చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, తక్కువ పరిమాణం కేసులో చిక్కిన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు ఉంది. సాయం కోరే కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు 14446.