డీలో వేస్తే ఆగిపోతాది

డిసెంబరు. పొద్దున ఐదున్నర. హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్క ఒక మెకానిక్ రేకుల షెడ్డు ముందు చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాం. ఊరు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల పైన ఉంది. అనంతపురం ఎండలు మాత్రమే ఎరిగినవాళ్ళకు ఈ చలి చెబితే నమ్మరు. ఎదురు హోటల్లో ఇంకా పొయ్యి రాజలేదు. షెడ్డులో ముదురు నీలం కారు, రాత్రి తొమ్మిదికి ఎక్కడ ఆపారో అక్కడే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఉస్తాద్ రాత్రే పిల్లోడికి గట్టిగా చెప్పాడు.

"తాళం గూడ పెట్టొద్దురేయ్. తెల్లారి ఒక్కసారే దొరుకుతాది."

ఆ ఒక్కసారి కోసమే ఇంత పొద్దున్నే వచ్చాం.

కారు ధర్మవరం సావుకారుది. పట్టుచీరల వ్యాపారం. దారం పని మీద హిందూపురం వస్తూ పోతూ ఉంటాడు. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో మోజుపడి కొన్నాడు: మూడు లీటర్ల వీ-సిక్స్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. జబ్బు ఒక్కటే. తెల్లవారి స్టార్ట్ అవుతుంది, హాయిగా తిరుగుతుంది, లీవర్ లాగి 'డీ'లో వేయగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. ఐదు నిమిషాలు వేడెక్కనిస్తే ఇక రోజంతా ఏమీ ఉండదు. బెంగళూరులో ఒకచోట పెట్రోలు పంపు మార్చారు. ఇంకోచోట ప్లగ్గులు మార్చారు. మూడోచోట గేర్‌బాక్స్ దించాలన్నారు. అక్కడికి సావుకారు భయపడి ఇటు తిప్పాడు.

ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ధర్మవరం నుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు నడిచి వచ్చిన ఇంజన్ షెడ్డుకు చేరేసరికి సలసలా కాగుతుంటుంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లాడిలాంటి కారు ఇది. రాత్రంతా చల్లారబెడితేనే జబ్బు బయటపడుతుంది, అదీ రెండు మూడు నిమిషాలే. అంత ఓపిక ఏ పెద్ద వర్క్‌షాపుకు ఉంటుంది?

ఉస్తాద్ వచ్చాడు. మఫ్లర్, స్వెటరు, చేతిలో స్కానర్. ఇంజన్ తిప్పకుండా తాళం సగం మాత్రం పెట్టించి స్కానర్ తగిలించాడు. మనం భుజం మీదుగా తొంగి చూస్తున్నాం. కూలెంటు వేడి 16. లోపలికి పీల్చే గాలి వేడి 16. తల ఊపాడు.

"రాత్రంతా నిలబెట్టిన బండికి ఈ రెండూ ఒకటే ఉండాల. ఉండాయి. సెన్సర్ అబద్ధం చెప్పలేదు."

చల్లని ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, గొట్టాల గోడలకే అంటుకుంటుంది. అందుకని కంప్యూటర్ పొద్దున పూట రెండు చుక్కలు ఎక్కువే పోస్తుంది. ఎంత పోయాలో దానికి చెప్పేది కూలెంటులో మునిగి ఉండే వేలెడంత సెన్సర్. అలాంటివి చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓములు, 80 దగ్గర మూడు వందల చిల్లర ఉంటుంది నిరోధం. అది చెడి 'నేను వేడిగా ఉన్నా' అందంటే ఇంజన్‌కు పస్తే. ఇక్కడ అలాంటిదేమీ లేదు. గాలి వాల్వు చుట్టూ పట్టిన మసిని కూడా నిన్ననే కడిగేశారు.

"సావుకారూ, రివర్స్‌లో గూడ ఆగిపోతాదా?"

సావుకారు నోరు తెరిచి మూశాడు. "నేను రాత్రే వెనక్కి పెట్టుకుంటా భాయ్, మూతి రోడ్డు తట్టుకు. పొద్దున్నే రివర్స్ యాడ వేస్తా?"

ఇన్ని ఊర్లు తిరిగినా ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. చక్రాల కింద రాళ్ళు పెట్టించాడు. హ్యాండ్ బ్రేక్ లాగించాడు. పిల్లోడు సీట్లో కూర్చుని రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టాడు. మనల్ని బండి ముందు నుంచి పక్కకు జరగమన్నాడు ఉస్తాద్. మంచి మాట, జరిగాం.

తాళం తిరిగింది. ఒక్క ఉరుము. ఆర్పీఎం ముల్లు 1,300 దగ్గర నిలబడింది. పొగగొట్టం నుంచి తెల్లని ఆవిరి.

"ఆర్."

చిన్న కుదుపు. ముల్లు 850కి జారి, కాస్త తడబడి, మళ్ళీ పైకి లేచింది. ఆగలేదు. సావుకారు ఊపిరి వదిలాడు.

"డీ."

కుదుపు. 600. 400. మౌనం. ఎక్కడో కుక్క మొరిగింది.

ఉస్తాద్ నవ్వుతున్నాడు. ఆటోమేటిక్‌కు క్లచ్ పెడల్ లేదు. నూనెలో ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాలే ఇంజన్‌కూ గేర్లకూ పొత్తు. బ్రేకు తొక్కి గేరు వేస్తే కదలబోయే ఎద్దును పలుపుతో పట్టుకున్నట్టే, బరువంతా ఇంజన్ మీద పడుతుంది. నూనె చల్లగా చిక్కగా ఉంటే ఇంకాస్త బరువు. కానీ ఆ బరువు డీలోనూ ఉంది, ఆర్‌లోనూ ఉంది. పెట్రోలు చాలకనో, గేర్‌బాక్స్ పోయో ఆగితే రెండింటిలోనూ ఆగాలి. మరి రెండింటికీ తేడా ఏమిటి? ఇంజన్ ఒరిగే దిక్కు. అడ్డంగా బిగించిన ఇంజన్ ఇది. ఆర్‌లో తల ముందుకు వంచుతుంది, డీలో వెనక్కి వాలుతుంది.

"అంటే వెనక్కి వాలినప్పుడు ఏదో సాగుతాంది. రేయ్, ఇంకోసారి."

ఈసారి బానెట్ లేపి, అతను పక్కనుంచి వంగాడు. మనమూ వంగాం. ఫిల్టరు డబ్బా బాడీకి బిగించి ఉంది, గాలి వాల్వు ఇంజన్‌తో పాటు ఊగుతుంది. రెంటి మధ్య మడతలు మడతలుగా నల్లటి రబ్బరు గొట్టం. డీలో వేయగానే ఇంజన్ బొటనవేలంత వెనక్కి వాలింది. గొట్టం సాగింది. అడుగు మడతలోంచి సన్నగా 'స్స్' అని వినిపించింది. ఉస్తాద్ చెయ్యి దూర్చి మడతను నొక్కిపట్టాడు. కుంగిపోబోయిన ఇంజన్ తేరుకుంది. వేలు తీశాడు, మళ్ళీ కుంగింది. నొక్కాడు, లేచింది. వీణ మీద మెట్టు నొక్కినట్టుంది చూడ్డానికి.

లోపలికి పోయే గాలిని కొలిచే మీటరు ఈ గొట్టానికి ముందే ఉంది. చీలికలోంచి దూరే గాలి దాని లెక్కలోకి రాదు. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి బరువు సరైన పాకమైతే, ఇక్కడ గాలి దొంగదారిన ఎక్కువైపోతోంది. వేడెక్కాక పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ వాసన పట్టి, పెట్రోలు పెంచమని చెబుతుంది. అందుకే నిన్న వేడి మీద స్కానర్‌లో పెట్రోలు సవరణ 14 శాతం ఎక్కువ చూపించింది, రేసు పెంచితే 3కు దిగింది. కానీ ఆ సెన్సర్ సుమారు 300 డిగ్రీలు దాటితే గాని నిద్ర లేవదు. అంతవరకూ కంప్యూటర్‌కు కళ్ళు లేవు. పైగా చలికి బిగుసుకున్న రబ్బరు నోరు తెరిచే ఉంటుంది.

సావుకారు చాలాసేపు ఆ మడతనే చూశాడు. తర్వాత అన్నాడు: "మగ్గం మీద గూడ ఇంతే భాయ్. ఊరికే నిలబెట్టి చూస్తే పడుగు బాగనే ఉంటాది. కాలితో తొక్కి పోగులు విడదీసినప్పుడే తెగిన పోగు కనపడేది."

ఉస్తాద్ దానికి జవాబివ్వలేదు, ఇంజన్ కింద వేలితో చూపించాడు. ఇంజన్ మౌంటు పగిలి నూనె కారిపోయింది. ఇంత ఊగడానికి కారణం అదీ. కొత్త పంపు మాత్రం ట్యాంకులో నిక్షేపంగా ఉంది, పాపం.

గొట్టం, మౌంటు బెంగళూరు నుంచి రావాలి. అంతదాకా సైకిల్ ట్యూబు కోసి, చీలిక మీద రెండు చుట్లు చుట్టి క్లిప్పు బిగించాడు. పని అరగంటే. పరీక్షకు మాత్రం ఇంకో రాత్రి ఆగాలి. ఆగాం. మర్నాడు అదే చలి, అదే 1,300. డీలో ముల్లు 800కి దిగి నిలబడింది. ఉస్తాద్ టీ చెప్పాడు.

ఎనిమిదికి బయల్దేరాం, అతన్నీ ఎక్కించుకుని. సోమందేపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే సావుకారు కాలు బరువెక్కింది. 1565 తల్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న పెనుకొండ కోట గుట్ట అద్దంలోకి వచ్చి, చూస్తుండగానే వెనక్కి పోయింది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ: 536 ఎకరాలు, మొదట్లో ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ ఇక్కడే బయటికొచ్చింది. ఉస్తాద్ ఆ గోడ పొడవునా చూస్తూ వచ్చాడు.

"పదిహేనేళ్ళకు అన్నీ నా తట్టు వచ్చేవే. ఏ బండికైనా రబ్బరు రబ్బరే కదన్నా."

ధర్మవరంలో సావుకారు ఇంటి ముందు, మూతి రోడ్డు వైపు పెట్టి కారు ఆపాడు. డబ్బు తీయబోతే ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. రేపు నీ వాకిట్లో, నీ చలిలో లేస్తే అప్పుడు పంపు అన్నాడు. రైలుకు హిందూపురం తిరిగొచ్చాం.

తెల్లారి ఆరు కాకముందే ఫోన్ మోగింది.

"డీలో వేసినావా సావుకారూ?"

అవతలి నుంచి మాట రాలేదు. ఫోన్ బానెట్ మీద పెట్టినట్టున్నాడు.