హంగరీ సరిహద్దు కోటలలో సైనిక జీవితము

1552లో హంగరీలోని ఎగర్ కోటను తురుష్క సేనలు ముట్టడించినప్పుడు, ఇష్ట్వాన్ డోబో నాయకత్వమున సుమారు 2,000 మంది దానిని కాపాడిరి. ఆ ముట్టడి కథను హంగరీలో పిల్లలు సైతము ఎరుగుదురు. కాని సైనికుని బ్రదుకులో ముట్టడి లేని దినములే ఎక్కువ. ఆ దినములలో అతడు ఎట్లు జీవించెను? జీతము సరిగా అందకున్నను ఏల అచ్చటనే నిలిచెను? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది దీనినే.

1526లో మొహాచ్ యుద్ధమున హంగరీ ఓడిపోయెను. ఇరువదేండ్ల రాజు రెండవ లాయోష్ మరణించెను. 1541లో బుడా నగరము సుల్తాను వశమయ్యెను. దేశము మూడు ముక్కలై, పడమటి, ఉత్తర భాగములు హాబ్స్‌బర్గు రాజులకును, నడిమి భాగము సుల్తానునకును చెందెను. తూర్పున ట్రాన్సిల్వేనియా వేరొక సంస్థానమయ్యెను. హాబ్స్‌బర్గుల సరిహద్దు పొడవునను 100కు పైగా కోటలు నిలిచినవి. గ్యోర్, కొమారోమ్ వంటివి గొప్ప దుర్గములు. చిన్నవానిలో పెక్కు గుంజలు పాతి, తడిక అల్లి, మట్టి మెత్తినవి. శత్రువు కనబడగానే ఒక కోటలో ఫిరంగి మ్రోగును. ఆ మ్రోత విని ప్రక్కకోట తన ఫిరంగి మ్రోగించును.

ఈ కోటల వ్యవహారమును 1556లో వియన్నాలో ఏర్పడిన యుద్ధమండలి చూచెడిది. జీతములు మాత్రము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి బాకీ పడెడివి. ఇచ్చినప్పుడును కొంత భాగము గుడ్డ రూపమున ఇచ్చెడివారు. కనుక సైనికులు ద్రాక్షతోటలు పెంచిరి, పశువులను మేపిరి, ద్రాక్షసారాయి అమ్మిరి. అదియును చాలనప్పుడు ఎల్ల దాటి కొల్లగొట్టిరి. 1568లో చక్రవర్తికిని సుల్తానునకును సంధి కుదిరినను ఇరుప్రక్కల దాడులు ఆగలేదు. పట్టువడిన బందీకి వెల కట్టెడివారు. తోటి బందీలు పూచీపడగా, వానిని సొమ్ము తెచ్చుకొమ్మని విడిచిపుచ్చెడివారు. వాడు తిరిగి రాకున్న శిక్ష పూచీపడినవారిది.

ఎల్ల దగ్గరి రైతు రెండు ప్రభుత్వములకును పన్ను కట్టెడివాడు. ఆకలిగొన్న సైనికుడు ఒక్కొక్కప్పుడు ఆ రైతునే దోచెను. కంచెయే చేను మేసిన చందమిది. దీనిని మేము దాచ నక్కరలేదు.

అయినను కోటలకు మనుష్యులు వచ్చుచునే యుండిరి. భూస్వామికి కట్టుబడిన రైతు కత్తి పట్టినచో వెట్టినుండి తప్పించుకొనగలడు. అచ్చట అతనికి వీరుడను పేరు దక్కును. అధికారులు నిషేధించినను ద్వంద్వయుద్ధములు సాగినది ఈ పేరు కొరకే. ఎగర్‌లో పనిచేసిన బాలింట్ బలాషి అను కవి సరిహద్దు జీవితమును కీర్తించుచు 1589లో గీతము వ్రాసి, 1594లో ఎస్టెర్గోమ్ ముట్టడిలో గాయపడి మరణించెను.

వారి కోరిక యేమో 1605 నాటి ఒక శాసనము స్పష్టముగా తెలుపుచున్నది. తన పక్షమున పోరాడిన హాయ్‌డూలను కాలిబంట్లలో 9,254 మందికి ఇష్ట్వాన్ బోచ్కాయ్ భూమిని, స్వాతంత్ర్యమును ఒసగెను.

1699లో కార్లోవిట్స్ సంధితో తురుష్కులు హంగరీలో అధిక భాగమును వదలుకొనిరి. కోటలతో పని తీరెను, పెక్కింటిని పడగొట్టించిరి. సైనికుల కొలువు పోయెను. వారిని మరల వెట్టి భయము ఆవరించెను. 1703లో రాకోట్సి తిరుగుబాటు చేసినప్పుడు అట్టివారనేకులు అతని పతాకము క్రింద చేరిరి. దేశమునకు శాంతి తెచ్చిన సంధియే వారి స్వేచ్ఛకు ముప్పు తెచ్చినది.