కంటి తూము కథ

చెరువులోనికి నీరు తెచ్చు వాగును గూర్చి మనము చాల మాటలాడుదుము. నీరు పోవు తూమును గూర్చి మాత్రము అది పూడినపుడే మాటలాడుదుము. ఈ సాయంకాలము నేను చెప్పదలచిన కథ తూమును గూర్చినది. ఆ తూము చెరువుకట్టలోనిది గాదు, మన కంటిలోనిది.

మా పెదతండ్రిగారికి అరువది యేండ్లు దాటిన పిమ్మట ఎడమవైపు ద్వారబంధము తగులుట మొదలిడెను. కండ్లద్దములు పెట్టుకొని పంచాంగములోని సన్నని అక్షరములను మాత్రము తప్పులేక చదివెడివారు. నొప్పి లేదు, ఎఱుపు లేదు. కావున కంటికేమియు లేదని వారును, వయసు మీదపడినదని మేమును తలచితిమి. ఇంతలో ఒక మర్దనకాడు వచ్చి, కంటిలో చెడునీరు నిలిచినదని చెప్పి, ఆముదము రాచి రెప్పలమీద బొటనవ్రేళ్లతో ఒత్తసాగెను. నాలుగు నెలలు అట్లు గడచెను. ఎడమకన్ను పూర్తిగా ఆరిపోయిన తరువాత గాని అది నీటికాసుల వ్యాధి యని, వైద్యులు గ్లాకోమా యనునది యదియే యని మాకు తెలియలేదు. శుక్లము తీసినచో చూపు మరలును. నీటికాసులచే పోయిన చూపు మరలదు. చెడునీరను ఆ మర్దనకాని మాటలో నిజమెంత, అబద్ధమెంత యని నేను అప్పటినుండి వెదకుచుంటిని. ఆ వెదకులాటలో దొరకినదే ఈ చరిత్ర.

నల్లగ్రుడ్డు వెనుక ఒక పలుచని నీరు నిత్యము ఊరుచుండును. ఇది కన్నీరు గాదు; కన్నీరు వెలుపలిది. రోజంతయు ఊరునది సుమారు మూడు మిల్లీలీటర్లు, అనగా అరచెంచాడు. ఊరినంతయు పోవలెను గదా! నల్లగ్రుడ్డును తెల్లగ్రుడ్డును కలియు అంచున జల్లెడవంటి కణజాలమును, దాని యావల వలయాకారమైన సన్నని కాలువయు గలవు. నీటిలో హెచ్చుభాగము పోవు దారి యదియే. ఆ దారి బిగిసినచో కంటిలో ఒత్తిడి పెరిగి, వెనుకనున్న దృష్టినాడిని మెల్లగా నలిపివేయును. చూపు మొదట అంచులనుండి తఱుగును; నడిమి చూపు చివరివఱకు నిలుచును. పంచాంగము చదువగలిగిన మనుష్యుడు ద్వారబంధమును గానలేకపోవుటకు కారణమిదియే.

ఆ కాలువను 1830లో బెర్లినులో ఫ్రీడ్రిఖ్ ష్లెమ్ అను శరీరశాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఉరితీయబడిన యొకని కంటిని పరీక్షించుచుండగా, నెత్తురు నిండి ఎఱ్ఱనైన సన్నని వలయము అతనికి కనబడెనట. పాపము, ఆ మనుష్యుని పేరు వినబడదు. కాలువకు మాత్రము ష్లెమ్ పేరు నిలిచెను.

ఇపుడు తగవు మొదలగును. మన దేహమున నెత్తుటి నాళములే గాక మఱియొక నాళజాలము కలదు. 1622లో మిలాను నగరమున గాస్పరో అసెల్లి అను వైద్యుడు, కడుపునిండ తిన్న కుక్కను కోసి చూచుచుండగా, ప్రేవులమీద తెల్లని దారములు కనబడెను. నరములనుకొని ఒకదానిని కోయగా పాలవంటి ద్రవము కాఱెను. కండరములనుండి, చర్మమునుండి మిగులు నీటిని చేదుకొని మరల నెత్తుటిలో గలుపు ఈ నాళములను లసికానాళములందురు. పొలమునకు మురుగుకాలువ యెట్టిదో దేహమునకు ఇవి యట్టివి.

మఱి కంటి కాలువ నెత్తుటి సిరయా, లసికానాళమా? 1870లో గుస్తావ్ ష్వాల్బె అను జర్మను పండితుడు కంటి ముందుగదిలోనికి రంగు ఎక్కించి దాని పోకడను పరిశీలించి, ఆ గది లసికామార్గములకు జేరినదని వాదించెను. 1873లో థియోడోర్ లేబర్ దానిని ఖండించెను. నీరు జల్లెడగుండ వడిసి సిరలలోనికే పోవుచున్నదని అతని మతము. లేబర్ పక్షమే నెగ్గెను. 1942లో అమెరికాలో కార్ల్ ఆషెర్, తెల్లగ్రుడ్డుమీది సన్నని సిరలలో నెత్తురునకు బదులు తేటనీరు ప్రవహించుటను బ్రతికియున్న మనుష్యుల కన్నులయందే చూపెను. కంటిలో లసికానాళములు లేవను మాట పాఠ్యగ్రంథములలో స్థిరపడెను.

పండితులు తగవులాడుచుండగా రోగి యూరకుండునా? 1857లో బెర్లిను వైద్యుడు ఆల్‌బ్రెఖ్ట్ ఫాన్ గ్రేఫె కంటిపాప చుట్టునున్న రంగుతెరలో ఒక తునుక కోసి తీసినచో, నొప్పితో విరుచుకొనిపడు నీటికాసులు శాంతించునని ప్రకటించెను. మెల్లగా వచ్చు రకమునకు మాత్రము అది అంతగా పనికిరాలేదు. 1876 ప్రాంతమున, తన కంటనే ఈ వ్యాధి గల లూడ్విగ్ లాక్వెర్, కలబారు గింజ సత్తును చుక్కలుగా వాడెను. పశ్చిమ ఆఫ్రికాలో నేరము మోపబడినవానికి దివ్యపరీక్షగా త్రాగించుచుండిన విషపుగింజ యది! కక్కినవాడు నిర్దోషి, చచ్చినవాడు దోషి. అట్టి గింజయే కంటి తూమును కొంత తెఱచెను.

మనకు దగ్గఱి సంగతి మదరాసుది. 1819లో మొదలైన మదరాసు కంటియాసుపత్రికి ఈ శతాబ్దికి ముందటి శతాబ్ది తొలినాళ్లలో రాబర్ట్ హెన్రీ ఎలియట్ అను ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు అధిపతిగా నుండెను. మన తెలుగుజిల్లాలు పెక్కులు ఆ రాజధానిలోనివే. 1909లో ఎలియట్ అచట ఒక క్రొత్త శస్త్రమును ఆరంభించెను. నల్లగ్రుడ్డు అంచున, పదునైన అంచు గల చిన్న గొట్టముతో ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రము చేసి, దానిపై తెల్లగ్రుడ్డు పలుచపొరను కప్పెను. పాత తూము పూడినచో కట్టకు క్రొత్త గండి పెట్టినట్లన్నమాట. గ్లాస్గోలో ఫెర్గస్ అను వైద్యుడును ఆ యేడే యిట్టిది చేసెను. అయినను ఎలియట్ పేరే లోకమున వ్యాపించెను. 1913లో అతడు దీనిపై గ్రంథము వెలువరించెను. గండి మీది పొర మిక్కిలి పలుచనై, ఏండ్ల తరువాత సైతము చీము పట్టు ప్రమాదముండెను. 1968లో జాన్ కెయిర్న్స్ కేంబ్రిడ్జిలో రంధ్రమునకు తలుపువంటి పొరను ఉంచిన శస్త్రముతో ఆ లోపము కొంత తీఱెను. ఇందొక వింత గమనింపుడు: పైపొర క్రిందికి కాఱిన ఆ నీటిలో కొంత, పొరలోని లసికానాళములచేతనే పీల్చబడును. కాదని త్రోసివేసిన మార్గమే పనికివచ్చెను.

పాత తగవు మరల లేచెను. 2009లో టొరంటో పరిశోధకులు మనుష్యుని కంటి లోపలి కండరభాగమున లసికానాళముల గుఱుతులు కనుగొంటిమని ప్రకటించిరి. దానిని అందఱు నేటికిని ఒప్పుకొనలేదు. 2014లో ఫిన్లండు, కొరియా, అమెరికా పరిశోధకులు వేఱు వేఱుగా తేల్చినదేమనగా, ష్లెమ్ కాలువ సిరగా పుట్టి, పెరుగుచు లసికానాళ లక్షణములను సంతరించుకొనును. ఎలుకల కంటిలో లసికానాళములను పెంచు మాంసకృత్తును ఎక్కింపగా కాలువ పెరిగి ఒత్తిడి తగ్గు సూచన కనబడెను. ష్వాల్బెయు లేబరును ఇద్దఱును సగము సగము సత్యమే పలికిరని నా యభిప్రాయము. నూటనలువది యేండ్లు పట్టినది!

ఇక మర్దనకాని మాట. నీరు నిలిచినదనుట ఒక విధముగా నిజమే. అయితే వ్రేలితో గ్రుడ్డును ఒత్తినచో పూడిన తూము తెఱచుకొనదు. ఒత్తుచున్నంతసేపు లోపలి ఒత్తిడి ఇంకను పెరుగును. చర్మముమీద మెల్లగా నిమిరి లసికను నడిపించు పద్ధతిని డేనిష్ దంపతులు వొడ్డర్లు 1930 తరువాత ప్రచారము చేసిరి. చేయి వాపునకు, కాలి వాపునకు దానిని నేటికిని వాడుచున్నారు. నీటికాసులకు మందులకు బదులుగా అది నిలువగలదని నిరూపణము కాలేదు. ఎలుకకంటి చికిత్సయు ఇంకను మన వైద్యశాలలకు చేరలేదు.

ఈ వ్యాధి రక్తసంబంధీకులకు సంక్రమించు అవకాశము హెచ్చు. పెదతండ్రిగారి పిమ్మట మా యింటివారందఱము పరీక్ష చేయించుకొంటిమి. నాకును ఒత్తిడి గలదనిరి. 1996 నుండి అమెరికాలో వాడుకకు వచ్చిన లటానోప్రోస్ట్ అను మందును రాత్రి ఒక్కొక చుక్క వేసికొనుచున్నాను. ఆ మందు పెద్దకాలువను గాక కండరముల సందులలోని ప్రక్కదారిని విశాలము చేయునట. 2013లో ఎలుకలయందు అది లసికామార్గపు పారుదలను గూడ పెంచినట్లు చూచిరి. చుక్క కొంచెము మండును. పెదతండ్రిగారు కుడికంట మిగిలిన చూపుతో, సీసా మూత తీసి నాకు అందించెడివారు.