దూరపు డిస్కు, బ్యాటరీ లెక్క

మేఘంలో దాచుకున్న ఫైళ్ళను లాప్‌టాప్‌కు సొంత డిస్కులా తగిలించుకోవడం, అంటే మౌంటు చేసుకోవడం, ఇప్పుడు మామూలైపోయింది. అలా తగిలించాక బ్యాటరీ ఎందుకు తొందరగా అడుగంటుతుంది, ఒక్క ఫోల్డరు తెరవడానికి యంత్రం ఎందుకంత తటపటాయిస్తుంది అన్న ప్రశ్న కొత్తదిగా కనిపిస్తుంది. దాని వేళ్ళు మాత్రం నలభయ్యేళ్ళ క్రితం ఉన్నాయి.

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్.ఎఫ్.ఎస్.ను రూపొందించింది. ఎక్కడో సర్వరులో ఉన్న ఫైలు తన డిస్కులోనే ఉందని ప్రోగ్రామును నమ్మించడం దాని ఉద్దేశం. సర్వరు ఎవరికి ఏమిచ్చిందో గుర్తు పెట్టుకోదు. కనుక ఫైలు మారిందా అని మాటిమాటికీ అడిగి తెలుసుకునే భారం తీసుకున్నవాడిదే. ఆనాటి వర్క్‌స్టేషన్లు గోడ ప్లగ్గు మీద నడిచేవి. ఆ ప్రశ్నలకు బ్యాటరీ లెక్క లేదు.

అదే దశాబ్దంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు ఏ.ఎఫ్.ఎస్. వేరే దారి పట్టింది. ఫైలు మొత్తాన్ని తెచ్చి స్థానిక డిస్కులో ఉంచేది. మారితే తానే కబురు పంపుతానని సర్వరు మాట ఇచ్చేది. పదే పదే అడగడానికీ, ఒకసారి మాట ఇవ్వడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే తర్వాతి చరిత్రకు మూలమని నేననుకుంటాను.

మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి అక్కడికి వెళ్ళిన మహదేవ్ సత్యనారాయణన్ ఏ.ఎఫ్.ఎస్. రూపకర్తలలో ఒకరు. ఆయన బృందం 1987లో కోడాను మొదలుపెట్టింది. జేమ్స్ కిస్లర్‌తో కలిసి 1991లో వెలువరించిన పత్రంలో, సంబంధం తెగినా పని సాగే పద్ధతిని వివరించారు: కావలసిన ఫైళ్ళను ముందే పోగుచేసుకోవడం, మళ్ళీ కలిసినప్పుడు మార్పులను అప్పజెప్పడం. ఏ ప్రోగ్రాము ఎంత విద్యుత్తు తింటున్నదో చెప్పే పవర్‌స్కోప్‌ను 1999లో ఆయనా, జేసన్ ఫ్లిన్ తయారుచేశారు. 2004లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ నైటింగేల్, ఫ్లిన్ బ్లూఎఫ్‌ఎస్‌ను ప్రకటించారు. ఫైలును ఎక్కడినుంచి తెస్తే ఖర్చు తక్కువో అది లెక్క చూసుకునేది. కోడాతో పోలిస్తే ఫైళ్ళ పనికి పట్టే విద్యుత్తును 55 శాతం దాకా తగ్గించింది.

2005లో ఫ్యూజ్ లినక్స్ కెర్నెల్‌లో చేరింది, 2006లో అమెజాన్ ఎస్3 వచ్చింది. దూరపు గిడ్డంగిని డిస్కుగా చూపడం ఎవరికైనా సులువైంది. కాని ఆ వేషాన్ని ప్రోగ్రాములు నిజమని నమ్ముతాయి. బొమ్మల నమూనాలు చూపే ఫైల్ మేనేజరు, వెతుకులాటకు సూచిక కట్టే ప్రోగ్రాము, వైరస్ తనిఖీ, అన్నీ డిస్కే కదా అని ఫైళ్ళను తెరుస్తూ పోతాయి. తెరిచినప్పుడల్లా కునుకు తీస్తున్న వై-ఫై రేడియో లేవాలి, గూఢలిపి విప్పడానికి ప్రాసెసరు లేవాలి, జవాబు వచ్చేదాకా మనం కాచుకోవాలి. చిన్న ఫైళ్ళ విషయంలో బైట్ల మోత కంటే ఈ మేల్కొలుపుల ఖర్చే ఎక్కువ.

2008లో జనానికి అందిన డ్రాప్‌బాక్స్ అన్నిటినీ స్థానికంగా నకలు చేసి ఈ బాధ తప్పించింది. బదులుగా డిస్కులో చోటు అడిగింది. నేటి ఆర్‌క్లోన్ మౌంటు, వీలున్న గిడ్డంగులను మామూలుగా నిమిషానికోసారి మార్పులడుగుతుంది. ఆ వ్యవధిని పెంచి, పూర్తి కాషె పెట్టి, సూచికలు కట్టే ప్రోగ్రాములను ఆ ఫోల్డరు వైపు పోనివ్వకపోతే బ్యాటరీకి చాలా ఊరట.

నా మటుకు ఇది బ్యాటరీతో ఆగే విషయం కాదు. నా వ్రాతప్రతిని తెరవడానికి సిగ్నలు, సర్వరు, ఛార్జి మూడూ కుదరాలంటే అది నా దగ్గర ఉన్నట్లు కాదు. రైలెక్కే ముందు కావలసినవి దించుకుని, మౌంటు విప్పేయడమే కోడా నేర్పిన పద్ధతి.