తాత్కాలిక జాగా నిండిన వేళ

కంప్యూటర్ సెక్షన్ చరిత్ర గురించి నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. బయటివారి కంటపడని ఒక సంగతి మనవి చేస్తాను. అది మెయిన్‌ఫ్రేమ్‌లో తాత్కాలిక జాగా నిండిపోవటం.

జీతాల బిల్లు తయారు కావాలంటే ముందు రికార్డులన్నీ ఉద్యోగి నంబరు వరుసలో సర్దాలి. కాగితాలు సర్దటానికి మనకు బల్ల కావాలి గదా! యంత్రానికి ఆ బల్లే తాత్కాలిక ఫైలు. పని కాగానే అది చెరిగిపోవాలి.

ఐ.బి.యం. వారు సిస్టమ్/360ని 1964 ఏప్రిల్ 7న ప్రకటించారు. ఆ కాలపు 2311 డిస్క్ ప్యాక్‌లో పట్టేవి సుమారు 72 లక్షల అక్షరాలు మాత్రమే. అందుకే ఏ జాబ్‌కు ఎంత జాగా కావాలో జె.సి.ఎల్.లో ముందుగానే రాసివ్వాలి. మొదట ఇంత, చాలకపోతే మరికొంత అని అడగాలి. మామూలు ఫైలుకు ఒక డిస్కు మీద 16 ముక్కలకు మించి దొరకవు. అదనం అడగకుండా మొదటిది నిండితే డి37. 16 ముక్కలూ అయిపోయినా, డిస్కులోనే చోటు లేకపోయినా బి37 అని చూపి జాబ్ ఆగిపోయేది. 1980లో ప్రకటించిన 3380 డిస్కు యూనిట్‌లో 252 కోట్ల అక్షరాలు పట్టేవి. అయినా నిండటం మానలేదు. జాగాతోపాటు పనీ పెరిగింది.

నెలాఖరు రాత్రి బి37 కనిపిస్తే మా గుండె ఝల్లుమనేది. తెల్లవారేసరికి బిల్లులు రావాలి. సిస్టమ్ హఠాత్తుగా ఆగినప్పుడు మిగిలిపోయిన ఫైళ్ళు ఏవో వెతికేవాళ్ళం. కనిపించినవన్నీ తుడిచేస్తే నడుస్తున్న మరో జాబ్ కూలుతుంది. కనుక ఏ ఫైలు ఎవరిదో తేల్చుకున్న తరువాతే చెరపాలి. సార్ట్ వర్క్ ఫైళ్ళను రెండు మూడు డిస్కులకు పంచి, జాబ్ మళ్ళీ నడిపించేవాళ్ళం.

1993లో ఎం.వి.ఎస్.కు ఓపెన్ ఎడిషన్ పేరున యూనిక్స్ పద్ధతి తోడయింది. దానితో టెంప్ అనే ఉమ్మడి డైరెక్టరీ వచ్చింది. తరువాత దానికోసం మెమరీలోనే ఉండే టి.ఎఫ్.ఎస్. వచ్చింది. సిస్టమ్ మళ్ళీ స్టార్ట్ చేస్తే అందులోనివన్నీ పోతాయి. కానీ మెయిన్‌ఫ్రేమ్‌ను నెలల తరబడి ఆపరు. ఇక్కడ ఎంత జాగా కావాలని ఎవరినీ ముందుగా అడగరు. ఒకరు నింపితే అందరి పనీ ఆగుతుంది. అందుకని ఫలానా శాతం నిండగానే కన్సోల్ మీద హెచ్చరిక వచ్చేలా పెట్టటం, స్కల్కర్ అనే స్క్రిప్టుతో రోజులు లెక్కగట్టి పాత ఫైళ్ళు తీసివేయించటం మొదలయ్యాయి.

పాత పద్ధతిలో అడిగి తీసుకునేవారు. కొత్త పద్ధతిలో అడగనక్కరలేదు గనుక ఊడ్చేవారు తప్పనిసరి అయ్యారు. ఒకటో తారీఖున జీతం సకాలంలో అందిందంటే, రాత్రి డ్యూటీ ఆపరేటర్లు ఆ జాగా ఖాళీ చేసి ఉంచబట్టే. వారి శ్రమ ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఈ సంచికలోనైనా ఉండాలని రాశాను.