ఉయ్యాల ముడి

దూలానికి చీరతో ఉయ్యాల కట్టాక నాయనమ్మ వెంటనే బిడ్డను పడుకోబెట్టదు. ముందు రెండు చేతులతో ముడిని కిందికి గుంజి చూస్తుంది. ఉప్పల్, నాచారం ఇళ్లలోనూ ఈ అలవాటు పాతదే. అదే బిడ్డ రోడ్డెక్కితే మాత్రం ఆ ముడి ఇంట్లోనే ఉండిపోతుంది.

1972లో వచ్చిన బజాజ్ చేతక్ మీద పిల్లలు తండ్రి మోకాళ్ల మధ్య, హ్యాండిల్ పట్టుకుని నిలబడే తిరిగారు. కారు వచ్చాక తల్లి ఒడిలో చేరారు. సెలవురోజు పొద్దున ఉప్పల్ చౌరస్తా దాటి యాదగిరిగుట్టకు పోయే కార్లలో ఇప్పటికీ అదే దృశ్యం: బెల్టు తల్లికి, తల్లి చేతులు బిడ్డకు.

ఆ చేతులు చాలవు. 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దితే, దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు మీది నుంచి పడ్డట్టే.

దీనికి దారి స్వీడన్‌లో దొరికింది. జెమిని వ్యోమగాములు వెల్లకిలా ఆనుకునే సీట్లను చూసి, బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు చంటిబిడ్డను కారు వెనకవైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాలనుకున్నాడు. చంటిబిడ్డకు తల బరువు, మెడ లేత. ఎదురుగా దెబ్బ తగిలితే సీటు వీపే తలనూ మెడనూ కలిపి కాస్తుంది. 1964లో వోల్వో కారులో ఆ నమూనాను పరీక్షించారు.

దెబ్బ తగిలిన మరుక్షణం ఆ సీటు ఎగిరి వెనక్కి వాలుతుంది. అందుకే స్వీడన్‌లో సీటు పైభాగం నుంచి పట్టీలు తీసి, ముందు సీటు అడుగున బిగిస్తారు. ఆస్ట్రేలియాలో పట్టీని బిడ్డ మీదుగా తెచ్చి, వెనక సీటు వెనకాలి కొక్కేనికి తగిలిస్తారు. కొన్ని సీట్లకు పట్టీ ఉండదు, నేలకు ఆనే ఊతకాలు ఉంటుంది. ఏ సీటుకు ఏది పనికొస్తుందో దానితో వచ్చే పుస్తకమే చెప్పాలి. కనబడ్డ కొక్కేనికల్లా తగిలించడం ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఈ సీటు పెట్టనే కూడదు.

మన దేశంలో చట్టం ఆలస్యంగా వచ్చింది. 2019 సెప్టెంబరు 1 నుంచి, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా.

సీటు బిగించాక బెల్టు దూరే చోట పట్టుకుని గుంజాలి. అటూ ఇటూ అంగుళం మించి కదిలితే విప్పి మళ్లీ బిగించాలి. నాయనమ్మ ఉయ్యాల దగ్గర చేసే పనే ఇది.