హార్డ్ రాక్ ఆల్బమ్‌లు: కొత్త శ్రోతకు ఒక చారిత్రక శ్రవణక్రమం

వ్యాససంగ్రహం:
1969-1980 మధ్య వెలువడిన ఐదు హార్డ్ రాక్ ఆల్బమ్‌లను కొత్త శ్రోతకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. వాటిని విడుదలైన వరుసలో కాక, చివరి దాని నుంచి మొదటి దాని వైపు వినడం మేలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అలా వింటే ఈ సంగీతానికి మూలమైన బ్లూస్ కళాకారుల కర్తృత్వ సమస్య స్పష్టమవుతుంది.

కీలకపదాలు: హార్డ్ రాక్, ఆల్బమ్, రిఫ్, బ్లూస్, కర్తృత్వం, శ్రవణక్రమం.

1. ప్రవేశిక:
ఒక సంగీత సంప్రదాయంలోకి కొత్తగా అడుగుపెట్టే శ్రోత మొదట అడిగే ప్రశ్న ఏది వినాలన్నదే. దానికి జవాబుగా తయారయ్యే ప్రతి జాబితా కొందరిని నిలుపుతుంది, కొందరిని మరుగుపరుస్తుంది. సాహిత్యంలో సంకలనాలు చేసే పనే సంగీతంలో ఈ జాబితాలు చేస్తాయి. జానపద గేయ సంపుటిపై సేకర్త పేరు ఉండి, పాడినవారి పేరు కనిపించకపోవడం మన పరిశోధకులకు తెలియని విషయం కాదు. హార్డ్ రాక్ జాబితాలలోనూ బృందం పేరు, ఆల్బమ్ పేరు, సంవత్సరం ఉంటాయి. ఆ పాటల వెనుక ఉన్న పూర్వగాయకుల పేర్లు మాత్రం అరుదు. కాబట్టి సిఫారసు జాబితాను కూడా చరిత్ర రచనగానే పరిగణించవలసి ఉంది.

2. నేపథ్యం:
అమెరికా దక్షిణాది నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతం వారి వలసలతో పాటు చికాగో వంటి నగరాలకు చేరి, అక్కడ ఎలక్ట్రిక్ గిటార్‌ను అందుకుంది. ఆ రికార్డులు వింటూ పెరిగిన బ్రిటిష్ యువకులు 1960ల చివరి నాటికి దానిని మరింత బిగ్గరగా, మరింత బరువుగా వాయించసాగారు. లండన్‌లో వాద్యాల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్ 1962లో ఆంప్లిఫయర్ల తయారీ ప్రారంభించారు. కొద్ది సంవత్సరాలలోనే అవి 100 వాట్ల స్థాయికి చేరాయి. ఆంప్లిఫయర్‌ను దాని పరిమితి దాటించి వాయిస్తే గిటార్ నాదం చీలి గరగరలాడుతుంది. అంతవరకు దోషమనుకున్న ఆ గరగరను హార్డ్ రాక్ గుణంగా స్వీకరించింది. పాట పొడవునా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ స్వరగుచ్ఛాన్ని రిఫ్ అంటారు. ఈ సంగీతానికి అదే వెన్నెముక.

ఆల్బమ్ అన్న రూపాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1948లో వచ్చిన ఎల్‌పి రికార్డు ఒక్కొక్క వైపు సుమారు ఇరవై నిమిషాల సంగీతాన్ని పట్టింది. ఈ ఆల్బమ్‌లు రెండు భాగాలుగా కూర్చినవి. పాటలను విడదీయకుండా, ఆ వరుసలోనే వినడం ఉచితం.

3. శ్రవణక్రమం:

3.1 బ్యాక్ ఇన్ బ్లాక్ (1980):
తొలి శ్రవణానికి ఏసీ/డీసీ బృందపు ఈ ఆల్బమ్ అనువైనది. ఆస్ట్రేలియాలో ఏర్పడిన ఈ బృందంలోని గిటార్ వాద్యకారులు మాల్కమ్, యాంగస్ యంగ్ సోదరులు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వలస వెళ్లిన కుటుంబానికి చెందినవారు. 1980 ఫిబ్రవరి 19న గాయకుడు బాన్ స్కాట్ 33 ఏళ్ల వయసులో లండన్‌లో మరణించారు. కొన్ని వారాలలోనే బ్రయన్ జాన్సన్ గాయకుడిగా చేరగా, బహామాస్‌లో రికార్డు చేసిన ఈ ఆల్బమ్ జూలైలో వెలువడింది. నల్లని అట్ట, ఆరంభంలో వినిపించే గంటానాదం సంతాప సూచకాలు. అయితే పాటల్లో శోకగీతపు లక్షణం లేదు. నిర్మాత మట్ లాంగ్ ప్రతి వాద్యానికీ చోటు విడదీసి ఇచ్చారు. గిటార్ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న నిశ్శబ్దం స్పష్టంగా వినబడుతుంది. ఈ సంగీతమంటే కేవలం చప్పుడనుకునే శ్రోతకు ఇదే మొదటి పాఠం.

3.2 మెషీన్ హెడ్ (1972):
డీప్ పర్పుల్ బృందం 1971 డిసెంబరులో ఈ ఆల్బమ్ రికార్డు చేయడానికి స్విట్జర్లండ్‌లోని మాంట్రో నగరానికి వెళ్లింది. రికార్డింగ్‌కు నిర్ణయించుకున్న క్యాసినో భవనం, ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా కాలిపోయింది. జెనీవా సరస్సుపై కమ్మిన ఆ పొగ నుంచే ‘స్మోక్ ఆన్ ది వాటర్’ పాట పుట్టింది. చివరకు చలికాలంలో ఖాళీగా ఉన్న ఒక హోటల్ వసారాలలో, రోలింగ్ స్టోన్స్ బృందపు సంచార స్టూడియో వాహనం సహాయంతో రికార్డింగ్ పూర్తయింది. ఇందులో జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్‌ను గిటార్ ఆంప్లిఫయర్ ద్వారా వాయించారు. ఆర్గన్, గిటార్ ఒకదానికొకటి సమానంగా తలపడడం గమనించదగినది. జరిగిన సంఘటనను జరిగినట్లు చెప్పిన ఆ పాట మన కథాగేయాల స్వభావాన్ని గుర్తు చేస్తుంది.

3.3 పారనాయిడ్ (1970):
బ్లాక్ సబ్బాత్ బృందం పారిశ్రామిక నగరమైన బర్మింగ్‌హామ్‌కు చెందినది. గిటార్ వాద్యకారుడు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, ఉద్యోగపు చివరి రోజున, కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నారు. ఎడమచేతి వాటం కావడంతో తీగలు నొక్కవలసింది ఆ చేతితోనే. ప్లాస్టిక్ కరిగించి వేలి తొడుగులు చేసుకుని, పలుచని తీగలు వాడి, వాయించడం కొనసాగించారు. తరువాతి కాలంలో తీగల బిగువు తగ్గించి శ్రుతిని కిందికి దించారు. ఈ సంగీతపు బరువు వెనుక ఒక కార్మికుడి గాయం ఉంది. వియత్నాం యుద్ధకాలపు ‘వార్ పిగ్స్’ పేరునే మొదట ఆల్బమ్‌కు అనుకున్నారు. స్థలం పూరించడానికి హడావుడిగా కూర్చిన ‘పారనాయిడ్’ చివరకు శీర్షిక అయింది.

3.4 లెడ్ జెప్లిన్ నాలుగవ ఆల్బమ్ (1971), లెడ్ జెప్లిన్ II (1969):
ఒకే బృందపు ఈ రెండింటినీ జంటగా వినాలి. అందుకోసమే ఇక్కడ సంవత్సరాల వరుసను కొంత సడలించాను.

శీర్షిక లేకుండా వచ్చిన నాలుగవ ఆల్బమ్‌లో చివరి పాట ‘వెన్ ది లెవీ బ్రేక్స్’. దీని మూలం 1929లో మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్ దంపతులు చేసిన రికార్డు. 1927లో మిసిసిపీ నది కరకట్టలు తెగి లక్షలాది మంది నిరాశ్రయులైన వరద దాని వస్తువు. లెడ్ జెప్లిన్ ఒక పాత ఇంటి మెట్ల హాలులో డ్రమ్స్ అమర్చి, పైనుంచి మైకులు వేలాడదీసి ఆ పాటను రికార్డు చేసింది. ఆ గంభీరమైన ప్రతిధ్వని బృందపు సృజనే. ఆల్బమ్‌పై మెంఫిస్ మినీ పేరు ఉంది. అయితే మూల రికార్డులో పాడిన మెకాయ్ పేరు లేదు.

రెండవ ఆల్బమ్‌లో పరిస్థితి మరీ భిన్నం. ‘హోల్ లాట లవ్’ సాహిత్యం, విల్లీ డిక్సన్ రచించగా మడ్డీ వాటర్స్ 1962లో రికార్డు చేసిన ‘యూ నీడ్ లవ్’కు ఋణపడినది. తొలి ముద్రణలో డిక్సన్ పేరు లేదు. అదే సంవత్సరం జనవరిలో వచ్చిన తొలి ఆల్బమ్‌లో రెండు పాటలకు ఆయన పేరు సక్రమంగానే వేశారు. కాబట్టి ఇది తెలియక జరిగిందనడం కష్టం. డిక్సన్ 1985లో దావా వేయగా, 1987లో కోర్టు వెలుపల రాజీ కుదిరింది. తరువాతి ముద్రణలలో ఆయన పేరు చేరింది.

అయితే ప్రతి పోలికా అపహరణ కాదు. నాలుగవ ఆల్బమ్‌లోని ‘స్టెయిర్‌వే టు హెవెన్’పై వచ్చిన దావాలో 2016లో జ్యూరీ బృందానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అప్పీలు కోర్టు 2020లో దానిని సమర్థించింది. బ్లూస్ సంప్రదాయంలో పాత చరణాలను కొత్త పాటలో చేర్చుకోవడం వాడుకే. చేతులు మారుతూ బ్రతికే పాటకు రాయల్టీ వ్యవస్థ ఒక యజమానిని నిర్ణయించినప్పుడు, ఆ స్థానం ఎవరికి దక్కిందన్నదే అసలు ప్రశ్న. వనరులు ఉన్నవారికే అది తరచు దక్కింది.

4. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

● హార్డ్ రాక్ నాదం కేవలం ఆవేశ ఫలితం కాదు. ఆంప్లిఫయర్, సంచార స్టూడియో, మెట్ల హాలు, గాయపడిన వేళ్లు వంటి నిర్దిష్ట భౌతిక పరిస్థితులు దానిని తీర్చిదిద్దాయి.
● 1980 నుంచి వెనక్కి నడిచే శ్రోత 1969 దగ్గర ఆగడు. 1962 నాటి చికాగో మీదుగా 1929 రికార్డు వరకు వెళ్లవలసి వస్తుంది.
● పూర్వగాయకుల పేరు చెప్పడం వల్ల ఈ ఆల్బమ్‌ల విలువ తగ్గదు. 1929 నాటి రికార్డు విన్న తరువాతనే 1971 నాటి డ్రమ్స్‌లోని కొత్తదనం అర్థమవుతుంది.

కనుక కొత్త శ్రోతకు ఈ ఐదు ఆల్బమ్‌లను సిఫారసు చేసేవారు వాటి పక్కనే మెంఫిస్ మినీ, కాన్సాస్ జో మెకాయ్, విల్లీ డిక్సన్, మడ్డీ వాటర్స్ పేర్లను కూడా రాయాలి. అప్పుడే ఆ జాబితా సంపూర్ణమవుతుంది.